తాళం బొమ్మ లేని వైఫై

గుంటూరు మిర్చియార్డు దగ్గర కూర్చుని ఆఫీసు మీటింగులో మాట్లాడటం అంత తేలికైన పని కాదు. రెండు వాక్యాలు చెబితే మూడోది తుమ్ము. ఘాటు గొంతుకు పట్టేస్తుంది. "జలుబు బాగా చేసినట్టుంది, సెలవు పెట్టరాదూ" అని మా మేనేజరు జాలిపడ్డాడు. జలుబు కాదండీ, మిరపకాయలు అంటే నమ్మలేదు. కెమెరా కిటికీ వైపు తిప్పి, బస్తాలతో వరసగా నిలబడ్డ లారీలను చూపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అది 2025 మార్చి. ఆ నవ్వులు అయిపోయిన రెండు గంటలకు నేను చేసిన తెలివితక్కువ పని గురించి ఇప్పుడు చెబుతాను. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు మీలోనూ చాలామంది ఉంటారు కాబట్టి.

మాది పర్చూరు దగ్గర చిన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, ఆ తర్వాత బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారింది గానీ నేల అదే, నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ. నాన్న మూడెకరాల్లో మిర్చి వేస్తాడు. అందులో రెండెకరాలు కౌలు. నేను ఒక్కదాన్నే సంతానం. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదివి, 2019లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను.

చేరి ఏడాది తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి వచ్చేశాను. మా ఇంట్లో సిగ్నల్ వచ్చేది డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే. పదకొండు దాటితే ఎండకి స్క్రీను కనపడేది కాదు. అందుకని చెరువుకట్ట మీది వేపచెట్టు కిందికి మారాను. అక్కడ అప్పటికే మా ఊరి పిల్లలు ఇద్దరు మడత మంచాలేసుకుని కోడింగ్ చేసుకుంటున్నారు. మేం దానికి 'వేపచెట్టు బ్రాంచి' అని పేరు పెట్టుకున్నాం. ఒకరి డేటా అయిపోతే ఇంకొకరి హాట్‌స్పాట్. పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, వరసగా. "ఎవరొచ్చి కలుపుకుంటారులే, అందరూ మనోళ్లేగా" అనుకునేవాళ్లం.

ఆ తర్వాత ఆఫీసులు తెరిచారు. వారంలో రెండు మూడు రోజులు ఎక్కడినుంచైనా పని చెయ్యొచ్చన్నారు. దాంతో ల్యాప్‌టాప్ మాతోపాటు పెళ్లిళ్లకు వచ్చింది, ఆసుపత్రి వరండాలకు వచ్చింది, రైళ్లలోకి వచ్చింది. రైల్వేస్టేషన్ వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలై, ఇప్పుడు ఆరు వేలకు పైగా స్టేషన్లకు చేరింది. ఫోన్ నంబరు ఇవ్వాలి, వచ్చిన ఓటీపీ కొట్టాలి, రోజుకు మొదటి అరగంట ఉచితం. మంచి సదుపాయం, నేనూ ఎన్నోసార్లు వాడుకున్నాను. అయితే మాల్‌లో, కాఫీ షాపులో, స్టేషన్‌లో ఇలా వాడీ వాడీ తెలియకుండా ఒక అలవాటు పడిపోయింది. వైఫై ఇచ్చేవాడు ఏదో ఒక పేజీ తెరుస్తాడు, ఏదో ఒకటి అడుగుతాడు, మనం ఇచ్చేస్తాం. ఆ అలవాటే నా కొంప మీదికి తెచ్చింది.

ఇక ఆ రోజు సంగతి.

నిరుటేడాది, అంతకు ముందేడాది మిర్చి ధరలు చూసి అందరూ ఆశపడ్డారు. 2023లో మంచి రకాలు క్వింటా 20 వేలు దాటాయి. 2025కి వచ్చేసరికి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని నాన్న పది రోజులు కొట్టుకున్నాడు. స్టోరేజీలో పెడితే అద్దె, అప్పు తెస్తే వడ్డీ. చివరికి సగం అమ్ముదాం, సగం దాద్దాం అన్నాడు. ఏటా తోడు వెళ్లే మా బాబాయికి కాలు బెణికింది. "నేనొస్తా నాన్నా, రెండు రోజులు గుంటూరు నుంచే పని చేసుకుంటా" అన్నాను. ఒకటో కోత కాయల డబ్బు, రెండు లక్షల పది వేలు, అప్పటికే నాన్న ఖాతాలో ఉంది. కోత కూలీలకు, పురుగుమందుల కొట్టుకు, కౌలుకు కట్టాల్సిన డబ్బు అది.

రాత్రి పదకొండింటికి టిక్కీలు లారీకెక్కించాం. మా దగ్గర మిర్చి బస్తాను టిక్కీ అంటారు. పెదనందిపాడు, ప్రత్తిపాడు మీదుగా గుంటూరు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నాన్న బస్తాల దగ్గరే పడుకున్నాడు. పొద్దున నేను యార్డుకు దగ్గర్లో ఓ లాడ్జిలో గది తీసుకున్నాను. తొమ్మిదిన్నరకు లాగిన్ కావాలి, ఆ రోజు మధ్యాహ్నం మా రిలీజ్ ఉంది.

మీటింగు ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచింది. తర్వాత గదిలో సిగ్నల్ ఒక గీతకు పడిపోయింది. పెద్ద ఫైలు ఒకటి దిగాలి, చక్రం తిరుగుతూనే ఉంది. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. గది కుర్రాణ్ని పిలిచి అడిగితే "వైఫై ఉంది మేడమ్, పాస్‌వర్డు కింద కౌంటర్ దగ్గర గోడ మీద రాసుంటది" అన్నాడు. రెండంతస్తులు దిగాలి. ఈలోగా ల్యాప్‌టాప్‌లో వైఫై జాబితా తెరిచాను. లాడ్జి పేరుతో రెండు కనిపించాయి. ఒకదాని పక్కన తాళం బొమ్మ ఉంది. రెండోదాని పక్కన లేదు, పేరు చివర 'ఫ్రీ' అని ఉంది.

మెట్లు దిగడానికి బద్ధకించి ఆ రెండోది నొక్కాను.

పేజీ తెరుచుకుంది. పైన లాడ్జి పేరు. ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చాను. ఆ తర్వాత 'గూగుల్‌తో కొనసాగండి' అంది. సరేననుకుని నొక్కాను. జీమెయిల్ పేజీ లాంటిదే వచ్చింది. మామూలుగా నా బ్రౌజరే పాస్‌వర్డును దానంతటదే నింపేస్తుంది. ఆ రోజు నింపలేదు. నేను చేత్తో కొట్టాను. ఫోన్‌లో 'సైన్ ఇన్ అవుతున్నది మీరేనా?' అని వచ్చింది. అవును, నేనే అని నొక్కాను. నేనే కదా మరి అవుతున్నది!

నెట్ వచ్చింది. ఫైలు దిగింది. రిలీజ్ పని మొదలుపెట్టాను.

ఒంటిగంటప్పుడు నాన్న ఫోన్ చేశాడు. నాన్నది బొత్తాల ఫోను. మంచి ఫోన్ కొనిస్తానంటే మూడేళ్లుగా వద్దంటున్నాడు.

"భోంచేశావా తల్లీ?"

"ఇంకా లేదు నాన్నా. బేరం ఏమైంది?"

"అయిద్దిలే. ఒకాయన మచ్చు చూసి, ఇప్పుడే ఒప్పుకో, మధ్యాహ్నానికి ఇంకా తగ్గుద్ది అంటన్నాడు. నేను ఒప్పుకోలా. అదిసరే గానీ, బ్యాంకు నుంచి ఎవరో ఫోన్ చేశాడమ్మా."

నేను టైపింగ్ ఆపలేదు. "ఏమన్నాడు?"

"నా పేరు చెప్పాడు, ఊరి పేరు చెప్పాడు, ఖాతా నంబరు ఆఖరి నాలుగంకెలు కూడా చెప్పాడు. ఫోనుకి మెసేజి వచ్చుద్ది, అందులో నంబరు చదవమన్నాడు. మెసేజులు వరసగా మూడొచ్చినయ్."

చేతులు ఆగిపోయాయి. "చెప్పావా నాన్నా?"

"కళ్లజోడు సంచిలో ఉంది బాబూ, మా అమ్మాయిని అడిగి చెప్తా అన్నా. కాదు, ఇప్పుడే చెప్పాలి, లేకపోతే ఖాతా ఆగిపోద్ది అని అరిచాడు. పొద్దుట్నుంచీ ఇక్కడ ఈయన తొందర, అక్కడ ఆయన తొందర. తొందరపెట్టేవాడికి సరుకు అమ్మొద్దని మా నాయన చెప్పేవాడు. పెట్టేశా."

లోపల ఏదో జారిపోయినట్టయింది. నాన్న నెట్ బ్యాంకింగ్ ఖాతా నేనే తెరిచాను, అప్పుల కిస్తీలు కట్టడానికి. దాని పాస్‌వర్డు నా బ్రౌజర్‌లోనే దాచాను. నాన్న బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఫొటోలు నా గూగుల్ డ్రైవ్‌లో 'నాన్న' అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ ఇంటికి ఒక్కటే తాళంచెవి, నా జీమెయిల్ పాస్‌వర్డు. దాన్ని పొద్దున నా చేత్తోనే ఎవరికో ఇచ్చాను.

ముందు ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేశాను. ఫోన్ డేటా మీద, ఫోన్‌లోంచే జీమెయిల్ తెరిచి పాస్‌వర్డు మార్చాను. ఖాతాలోకి ఏయే పరికరాలు వచ్చాయో చూపించే జాబితా ఉంటుంది. నా ఫోను, నా ల్యాప్‌టాప్, వాటి కింద నేనెరగని విండోస్ కంప్యూటర్ ఒకటి, నలభై నిమిషాల కిందట. దాన్ని బయటికి పంపాను. నా మెయిళ్లను ఇంకెక్కడికైనా మళ్లించారేమోనని సెట్టింగులు చూశాను. అదృష్టం, అంతదూరం వెళ్లలేదు. తర్వాత బ్యాంకు కస్టమర్ కేర్. వాళ్ల వేచి ఉండమనే సంగీతం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చివరికి ఓ అమ్మాయి పలికి నెట్ బ్యాంకింగ్ మొత్తం ఆపేసింది. "డబ్బు ఉందా?" అని రెండుసార్లు అడిగాను. ఉంది. రెండు లక్షల పది వేలూ ఉన్నాయి. వాడు పాస్‌వర్డుతో గుమ్మం దాకా వచ్చాడు. ఓటీపీ నాన్న జేబులో ఉండబట్టి అక్కడే ఆగిపోయాడు.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పాను. ఈ నంబరు మీరూ ఇప్పుడే రాసి పెట్టుకోండి. డబ్బు పోయినప్పుడు ఎంత త్వరగా ఈ నంబరుకు చెబితే, అది చేతులు మారేలోపు అంతగా ఆపే వీలుంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇంకో ఫోన్ మిగిలింది. అదే చాలా కష్టమైంది. ఆఫీసుకి.

నేను ఆ పేజీలో ఇచ్చింది సొంత జీమెయిల్ పాస్‌వర్డు. కానీ వాడింది ఆఫీసు ల్యాప్‌టాప్. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రిలీజ్ అయ్యాక చూద్దాంలే అని ఒక మనసు. పైగా మా టీమ్‌కి ఆర్నెల్ల కిందట 'అపరిచిత వైఫై వాడకండి' అని స్లైడ్లు వేసి క్లాసు చెప్పింది నేనే. పది నిమిషాలు మంచం మీద అలాగే కూర్చున్నాను. బేరం గురించి నాన్న అన్న మాట గుర్తొచ్చింది. సెక్యూరిటీ విభాగానికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

వాళ్లు తిట్టలేదు. ఏ సమయంలో కలిశావు, ఏం టైప్ చేశావు, ఏమైనా ఇన్‌స్టాల్ చేశావా, ఎప్పుడు ఆపావు, ఇవే అడిగారు. ఐదు నిమిషాల్లో నా లాగిన్లన్నీ పోయాయి. రిలీజ్ వేరేవాళ్లు పూర్తి చేశారు. ల్యాప్‌టాప్ హైదరాబాద్ పంపాను, మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించారు. మూడో రోజుకి పనిలోకి వచ్చాను. "అదే రోజు చెప్పావు, మంచిపని చేశావు" అని మేనేజరు ఒక్క మాట అని వదిలేశాడు. ఉద్యోగం పోలేదు. అయినా ఆ వారం రోజులూ టీమ్ మీటింగులో నా గొంతు చాలా చిన్నగా వచ్చింది.

కిందికి దిగి కౌంటర్‌లో అడిగితే, "మాది ఒకటే వైఫై మేడమ్, ఆ రెండోదేదో మాకు తెలవదు" అన్నారు. నమ్ముతాను, వాళ్ల తప్పేమీ లేదు. సాయంత్రం మళ్లీ చూస్తే ఆ తాళం లేని పేరు జాబితాలో లేదు. పక్క గదిలో ఉన్నారో, ఎదురు టీకొట్టులో కూర్చున్నారో, ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత దీని గురించి చదవాల్సినదంతా చదివాను. మీకు పనికొచ్చేది నాలుగు మాటల్లో చెబుతాను.

ఊరందరి వైఫై అంటే ఒకప్పుడు భయం వేరు. 2010లో ఫైర్‌షీప్ అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చింది. కాఫీ షాపులో పక్కన కూర్చున్నవాడు మన ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క క్లిక్కుతో దూరిపోవచ్చని దాంతో లోకానికి తెలిసింది. అప్పట్లో వెబ్‌సైట్లు లాగిన్ పేజీని మాత్రమే కవర్లో పెట్టి పంపేవి, మిగతాదంతా పోస్టు కార్డే. ఆ తర్వాత దాదాపు అన్నీ పూర్తిగా కవర్లోకి మారాయి. అడ్రసు ముందు కనిపించే హెచ్‌టీటీపీఎస్ అదే. అంటే ఈ రోజు మీరు అసలైన బ్యాంకు వెబ్‌సైట్‌లో టైప్ చేసింది దారిలో ఉన్నవాడు చదవలేడు. కాబట్టి బయటి వైఫై ముట్టుకుంటేనే అంతా పోతుందన్న భయం చాలావరకు పాతది.

మరి నాకేమైంది? దొంగ దారిలో కాపు కాయలేదు. ఒక దొంగ ఇల్లు కట్టి, దానికి లాడ్జి పేరు రాసి, గుమ్మంలో నిలబడ్డాడు. కవరు నేనే విప్పి చేతికిచ్చాను. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఇలాంటి పని చేశాడని పెర్త్‌కు చెందిన ఒకతని మీద కేసు పెట్టారు. విమానాశ్రయాల్లో, ఎగిరే విమానాల్లో కూడా ఉచిత వైఫై పేరుతో నకిలీ పేజీలు పెట్టి, ఈమెయిల్, సోషల్ మీడియా లాగిన్లు అడిగేవాడని అప్పట్లో వాళ్లు ఆరోపించారు. అది చదివినప్పుడు ఎక్కడి పెర్త్, ఎక్కడి గుంటూరు అనిపించింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఇంకోటి. ఆ పేజీలో నా బ్రౌజర్ పాస్‌వర్డు నింపలేదని చెప్పాను కదా. అది పాస్‌వర్డును అడ్రసుతో కలిపి గుర్తు పెట్టుకుంటుంది. పేజీ ఎంత జీమెయిల్ లాగా ఉన్నా అడ్రసు గూగుల్‌ది కాదు కాబట్టి అది నోరు మూసుకుంది. యంత్రానికి అనుమానం వచ్చింది, నాకు రాలేదు. ఇప్పుడు నేను పాస్‌కీ పెట్టుకున్నాను. అది కూడా అసలు అడ్రసు దగ్గర తప్ప పనిచెయ్యదు, చేత్తో కొట్టి ఇద్దామన్నా కుదరదు. నాలాంటి తొందరపాటు మనిషికి అదే సరైనది.

"వీపీఎన్ ఉంటే సరిపోయేది కదా" అని ఫ్రెండ్స్ అన్నారు. ఆఫీసు వీపీఎన్ నాకు ఉంది. కానీ వైఫై లాగిన్ పేజీ దాటేదాకా అది కలవదు, నేను పడింది సరిగ్గా ఆ గుమ్మంలోనే. పైగా వీపీఎన్ దారిని కప్పుతుంది గానీ, మనం చేత్తో ఇచ్చేదాన్ని ఆపదు.

ఆ రోజు తర్వాత నేను పెట్టుకున్న అలవాట్లు ఇవి. కొత్తవేం కావు, నా స్లైడ్లలో ఉన్నవే. అప్పుడు చెప్పాను, ఇప్పుడు చేస్తున్నాను.

బయట ముందుగా ఫోన్ హాట్‌స్పాటే. పాస్‌వర్డు పొడుగ్గా, అంకెల వరస కాకుండా. ఫోన్‌లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. మా వైపు ఊళ్లలో ఒకటి అందని చోట ఇంకోటి అందుతుంది. డబ్బు పనులు ఎక్కడున్నా ఫోన్ డేటా మీద మాత్రమే.

వేరే వైఫై తప్పనిసరైతే మెట్లు దిగి, పేరు అడిగి, అక్షరం అక్షరం సరిచూసి కలుపుతాను. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు 'పబ్లిక్ నెట్‌వర్క్' అని చెబుతాను, అప్పుడది పక్కవాళ్ల కంప్యూటర్లకు కనపడకుండా ఉంటుంది. పని కాగానే ఆ పేరును మరిచిపొమ్మని చెబుతాను. లేకపోతే అదే పేరు ఎక్కడ కనిపించినా దానంతటదే కలిసిపోవచ్చు.

వైఫై పేజీ జీమెయిల్ పాస్‌వర్డు అడిగితే మూసెయ్యడమే. ఏదో అప్‌డేట్ దింపుకోమన్నా అంతే. 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని బ్రౌజర్ ఎర్రగా చెబితే, పక్కదారిన ముందుకెళ్లే బొత్తాం వెతకను. అప్‌డేట్లన్నీ ఊరికి బయల్దేరే ముందు ఇంట్లోనే చేస్తాను. ల్యాప్‌టాప్ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టాను. బస్సులో సంచి పోతే యంత్రం పోతుంది గానీ లోపలిది ఎవరూ చదవలేరు. చార్జర్ నాదే, ప్లగ్గుకే పెడతాను. స్టేషన్లలో ఉండే యూఎస్‌బీ రంధ్రాల గురించి రిజర్వ్ బ్యాంకు 2022లో వేసిన పుస్తకంలోనే హెచ్చరించింది.

ఇంకో మాట. మన ప్రమేయం లేకుండా బయటివాళ్లు ఖాతాలోంచి డబ్బు లాగితే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే మనకు నష్టం లేదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం చెప్పింది. అదే ఆదేశంలో ఇంకో మాట ఉంది. పాస్‌వర్డు మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బు మనదే. ఆ రోజు నాన్న ఓటీపీ చదివి ఉంటే మేం ఈ రెండో వాక్యం కిందికే వచ్చేవాళ్లం. అందుకే ఏం జరిగినా సిగ్గుపడకుండా ముందు చెప్పెయ్యడం. అన్నిటికంటే ఎక్కువగా నేను నేర్చుకున్నది అదే.

ఆ రోజు సాయంత్రం కాటా అయ్యాక, తక్‌పట్టీ జేబులో పెట్టుకుని నాన్న లాడ్జికి వచ్చాడు. పొద్దున తొందరపెట్టిన ఆయన చెప్పిన ధరకు వంద అటూ ఇటుగానే అమ్ముడుపోయాయి. పెద్దగా లాభమేం రాలేదు. టీ తాగుతూ జరిగిందంతా చెప్పాను. పాస్‌వర్డు పోవడం అంటే ఏంటో ఆయనకు సగమే అర్థమైంది. నా మొహం చూస్తే మిగతా సగం అర్థమైనట్టుంది.

"మొన్న కల్లంలో ఎందుకు పడుకుంటన్నావ్, ఇంటికొచ్చి పడుకో అన్నావ్ గదా" అన్నాడు. "మీ అమ్మ కొత్తగా వచ్చిన ఏడు, పెళ్లికి పోయి ఒక్కరాత్రి పడుకోలా. తెల్లారేసరికి ఆరు బస్తాల కాయలు లేవు. అప్పట్నుంచీ మంచం అక్కడే. పంట చేలో ఉన్నన్నాళ్లూ భయం లేదమ్మా. కోసి బయట పోశాకే కాపలా."

నేనేం మాట్లాడలేదు. ఆయనే నా చేతిలో గ్లాసు తీసుకుని "అన్నం తిన్నావా ఇంతకీ?" అన్నాడు.

ఇంటికి వచ్చాక నాన్న పేపర్ల ఫొటోలు డ్రైవ్‌లోంచి తీసేశాను. ఆయన ఆధార్ బయోమెట్రిక్స్‌కు తాళం వేశాను. ఆధార్ వెబ్‌సైట్‌లో ఆ వీలుంది. నెట్ బ్యాంకింగ్ ఇంకా తెరవలేదు, కిస్తీలు బ్యాంకుకు వెళ్లి కట్టొస్తున్నాడు. కానీ ఆ నలభై నిమిషాల్లో బయటికి వెళ్లిన ఫొటోలను వెనక్కి తేలేను. అవి ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ఇప్పటికీ తెలియని నంబర్ల నుంచి నాన్నకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. పీఎం కిసాన్ అంటారు, కేవైసీ అంటారు, పేరు పెట్టి పిలుస్తారు.

పోయిన వారం ఇంట్లో ఉన్నప్పుడు అలాంటి ఫోనే వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, లాక్కోబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టి, తాపీగా అవతలివాడు చెప్పేదంతా విన్నాడు.

"సరే బాబూ, మా అమ్మాయిని అడిగి చెప్తా" అని పెట్టేశాడు.

నన్నేమీ అడగలేదు. లేచి టార్చిలైటు తీసుకుని కల్లానికి వెళ్లిపోయాడు.